మా పెద్దమ్మా, మా ఊరి టవునాలూ

పోయిన మాఘంలో పలాస దగ్గర హైవే పక్కన కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలుకి పెళ్లికి వెళ్లాను. నాతో పనిచేసిన టీచరు గారి అమ్మాయి పెళ్లి. హాలు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. గుమ్మంలో రెండు ఏనుగులు తొండాలెత్తి నిలబడ్డాయి గానీ ముట్టుకుంటే అట్టపెట్టెలో టీవీ చుట్టూ పెట్టే తెల్లటి సరుకు. లోపల ఏసీ చలికి ఆడవాళ్లందరూ పట్టుచీరల మీద తువ్వాళ్లు కప్పుకున్నారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎవరు ఏం మాట్లాడినా ఎవరికీ వినబడదు. మైకులో పంతులు గారి మంత్రం గోడకి తగిలి, కప్పుకి తగిలి, మళ్లీ వెనక్కొచ్చి తర్వాతి మంత్రంలో కలిసిపోతోంది. నా పక్కన మా ఊరావిడే, నాకు వదిన వరస, కూర్చుంది. "పెళ్లికొడుకు ఏటి సేత్తాడంట?" అని నా చెవిలో అడిగింది. నాకు 'పెళ్లికొడుకు ఏటికెళ్లాడంట' అని వినబడింది. "ముహూర్తం వేళకి ఏటికెందుకు వెళ్లాడు వదినా?" అన్నాను కంగారుగా. ఆవిడ పగలబడి నవ్వి, నా చెవికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఎంత పెట్టి కడితే ఏటి లాభం అమ్మీ, మన టవునాల్లోనైతే ఆ గోడకాడ గుసగుసలాడినా ఈ గోడకాడ ఇనబడిపోయీది" అంది. ఆ తర్వాత పెళ్లి ఎలా జరిగిందో నేను చూడలేదు. కళ్లు మండపం మీదే ఉన్నాయి గానీ మనసు మా ఊరి టవునాలు మెట్లెక్కేసింది.

మా ఊరు టెక్కలికీ పలాసకీ మధ్య హైవే దిగి లోపలికి వెళితే వస్తుంది. పేరు చెప్పను. టౌను అనడానికి చాలదు, పల్లె అంటే మా వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడానికి ఆధారం ఒక్కటే, మాకు టౌను హాలు ఉంది. జమీందారుల కాలంలో కట్టింది. టౌను హాలు అనే మాట మా నోళ్లలో పడి టవునాలు అయింది. 'టవునాలు కాడ దిగుతాను' అంటే బస్సు కండక్టరుకి కూడా అర్థమైపోయేది. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు గారు ఆ టవునాలు అంటే ఎవరో అమ్మవారు అనుకుని చెప్పులు విప్పి మెట్లెక్కారని మా ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కాదో తెలీదు గానీ, విప్పినా తప్పులేదనిపించే భవనమే అది.

నేను ఆ ఊరికి తొంభైల చివర్లో వచ్చాను. మా నాన్నది హరిశ్చంద్రపురం స్టేషను పక్కన చిన్న ఊరు. టీచరు ఉద్యోగం వచ్చి పోస్టింగు ఇక్కడ పడితే, మా అమ్మ నన్ను తన అక్క ఇంట్లో దింపి వెళ్లింది. పెద్దమ్మ మిషను స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి అప్పుడే రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్లకి, "తీరిక లేకపోయింది" అనేది. మనిషి పొడగరి. ఎండైనా వానైనా చేతిలో మగవాళ్ల నల్లగొడుగు. గంజి పెట్టిన తెల్ల చీర. ఆదివారం చర్చిలో ఆవిడ పాట అందుకుంటే హార్మోనియం వాయించేవాడు ఆవిడ శ్రుతికి మారవలసిందే గానీ ఆవిడ మారదు. మాట పుస్తకంలో అచ్చు వేసినట్టు ఉండేది. కోపం వస్తే మాత్రం చ కాస్తా స అయిపోయి, లేదు కాస్తా నేదు అయిపోయి, అచ్చంగా మా పేట ఆడది అయిపోయేది. పేట అంటే చర్చి వెనక ఉన్న మా వీధులు. తరాల కిందట బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలన్నీ అక్కడే.

దిగిన రోజు సాయంత్రమే కాఫీ తాగాక, "పద అమ్మీ, ఊరి పెద్దని చూసొద్దాం" అంది. ఎవరో పెద్దమనిషి ఇంటికి తీసుకెళ్తుందనుకుని జడ వేసుకుని బయల్దేరాను. తీసుకెళ్లి టవునాలు ముందు నిలబెట్టింది. "ఈయనే" అంది.

నాకప్పటికి భవనాలు చూడ్డం తెలీదు. స్కూలంటే స్కూలు, ఆసుపత్రంటే ఆసుపత్రి. ఆవిడే నేర్పింది. ముందు వరండా, దానికి గుండ్రటి లావుపాటి స్తంభాలు. ఎంత లావంటే చుట్టూ చేతులేస్తే వేళ్లు కలవవు. ఒక్కో స్తంభాన్నీ తన చేత్తో తట్టి చూపించింది, పిల్లల వీపు తట్టినట్టు. గోడలు మూరెడు మందం. సిమెంటు అనేది ఎక్కడా లేదు, అంతా గానుగ సున్నం. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి కట్టారట. గోడల పైపూతకి కోడిగుడ్డు సొనతో మెరుగు పెట్టారట. ఆ ఏడాదంతా చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకి గుడ్డు దొరకలేదని ముసలమ్మలు అప్పటికీ నిష్టూరంగా చెప్పేవారు. బెల్లం సంగతి నిజమే అయుండాలి. ఎండాకాలంలో చీమలు ఏమీ లేని గోడ మీద బారులు తీరి ఏదో వెతుక్కుంటూ తిరిగేవి. లోపలికి వెళితే ఎర్ర గచ్చు. నడివేసవిలో కూడా అరికాలికి చల్లగా, నున్నగా తగిలేది. పైన టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన చిన్న చిన్న ఇటుకల కప్పు. గోడల మీద చాలా ఎత్తులో కిటికీలు. వేడిగాలి అటు నుంచి వెళ్లిపోయేది. తూర్పు గుమ్మం మీద విసనకర్ర ఆకారంలో రంగు అద్దాలు. పొద్దున్న ఎండ పడితే ఎర్రగచ్చు మీద నీలం, పచ్చ, పసుపు చారలు మెల్లగా జరిగేవి. వాటిని తొక్కకుండా దాటడం పిల్లలకి ఒక ఆట.

హాలు వెనకవైపు చెక్కమెట్లు ఎక్కితే ఒక చిన్న మేడ, దానికి ముందు చెక్కతో చేసిన జాలీ. దాన్ని జల్లెడ మేడ అనేవాళ్లు. జమీందారు గారి ఇంటి ఆడవాళ్లు, ఊళ్లో పెద్ద కుటుంబాల ఆడవాళ్లు ఆ జల్లెడ వెనక కూర్చుని కింద జరిగే సభలు, హరికథలు చూసేవారట. వాళ్లకి అందరూ కనబడతారు, వాళ్లు ఎవరికీ కనబడరు. నేను వచ్చేనాటికి అక్కడ పావురాలు కాపురం పెట్టాయి. ఏ సభలో ఎవరు ఎంత గంభీరంగా మాట్లాడుతున్నా పైనుంచి 'గుకూ' అని ఒక అభిప్రాయం వచ్చేది.

ఆ హాల్లో జరగనిది ఏముంది? పంచాయతీ సమావేశాలు అక్కడే, పోలియో చుక్కలు అక్కడే, ఎలక్షన్లలో పోలింగు బూతు అక్కడే. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ల మీటింగులు అక్కడే. వాళ్లొచ్చిన రోజున హాలంతా జీడిగింజల నూనె వాసన, సాయంత్రం దాకా పోయేది కాదు. దసరాకి హరికథ, క్రిస్మస్‌కి మా పిల్లల నాటిక. గొర్రెలకాపరి వేషం వేసినవాడు నిజం గొర్రెని పట్టుకొచ్చి, అది కాస్తా రంగు అద్దాల నీడ చూసి బెదిరి సర్పంచి గారి ఒళ్లోకి దూకిన సంగతి ఇప్పటికీ తలుచుకుంటాం. ఉత్తరం పక్కన చదువుల గది. అక్కడ పేపరు ఒక్కటే, చదివేవాళ్లు మాత్రం చాలామంది. ఒక్కో కాగితం ఒక్కొక్కళ్ల చేతిలో ఉండేది. సినిమా పేజీ పట్టుకున్న ఆయన అందరికంటే ఆలస్యంగా ఇల్లు చేరేవాడు.

ఇంత అభిమానంగా చూపించిన పెద్దమ్మ, ఆ మొదటి రోజే, తిరిగొచ్చేటప్పుడు వరండాలో ఒక మూల కిటికీ దగ్గర ఆగింది. "మీ తాతయ్య ఇక్కడ నిలబడేవాడు" అంది. తాతయ్య అంటే ఆవిడ నాన్న, మా అమ్మ నాన్న. ఆయన చిన్నతనంలో మా పేటవాళ్లకి ఆ హాల్లోకి ప్రవేశం లేదు. వరండా దాకానే. ఎక్కడా రాసి పెట్టలేదు, ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆయన ఆ కిటికీ ఊచలు పట్టుకుని లోపల జరిగే ఉపన్యాసాలన్నీ నిలబడి విన్నాడు. ఆ మాటల మోజులోనే చదువుకున్నాడు, మిషను స్కూల్లో టీచరయ్యాడు, కూతురిని టీచరుని చేశాడు. స్వరాజ్యం వచ్చి, చట్టాలు వచ్చి, అడ్డు పోయినా ఆయన మాత్రం ఆ కిటికీ దగ్గరే నిలబడి వినేవాడట. "అలవాటైపోయిందే, లోపలైతే సరిగ్గా ఇనబడదు" అనేవాడట. "అబద్ధం. లోపలే బాగా వినబడుతుంది" అంది పెద్దమ్మ, గొడుగు తెరుస్తూ.

ఆ కార్తీకంలోనే తుఫాను వచ్చింది. ముందురోజు రేడియోలో చెప్పారు గానీ, ప్రతి ఏడూ చెప్తారు కదా అని ఎవరి పనుల్లో వాళ్లున్నారు. టవునాల్లో ఆ రోజు ఒక పెళ్లి. పెళ్లికొడుకుది మా ఊరు, పెళ్లికూతురిది కవిటి వైపు, ఉద్దానం కొబ్బరితోటల మధ్య పల్లె. పెళ్లికూతురూ తల్లిదండ్రులూ దగ్గరి చుట్టాలూ ముందురోజే వచ్చి దిగారు. మిగతా జనం లారీల మీద పొద్దున్నే రావాలి. రాలేదు. తెల్లవారేసరికి గాలి లేచింది. సోంపేట నుంచి మా వైపు వచ్చే దారుల నిండా చెట్లు పడిపోయాయని హైవే మీద నడిచొచ్చిన వాళ్లెవరో చెప్పారు. పదిగంటల వేళకి మా పేటలో మొదటి ఇంటి కప్పు ఎగిరింది. అందరం చర్చిలోకి పరిగెత్తాం. కాసేపటికి చర్చి మీద సిమెంటు రేకులు అప్పడాల్లా విరిగి గాల్లోకి లేచాయి. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో తలెత్తి చూస్తే ఆకాశం కనబడింది.

"పదండి టవునాలుకి" అంది పెద్దమ్మ. ఎవరూ కదల్లేదు. లోపల పెద్దోళ్ల పెళ్లి జరుగుతోంది, మనం తడిసిన బట్టలతో పిల్లల్నీ మేకల్నీ వేసుకుని ఎలా వెళ్తాం? ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ప్రతి మొహంలోనూ ఉంది. పెద్దమ్మ గొడుగు తెరవబోతే గాలికి అది పువ్వులా విచ్చుకుని ఎటో ఎగిరిపోయింది. "సూత్తారేటి, రేకులు మీద పడితే గాని నెగరా? లెగండి!" అని అరిచి ముందు నడిచింది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, గాలికి ఎదురు వంగి నడిచాం.

గుమ్మంలో పెళ్లికొడుకు తరఫు మనిషి ఎవరో రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చెడ్డవాడని కాదు, అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. లోపల పీటల మీద ముహూర్తం నడుస్తోంది. అప్పుడు వెనకనుంచి పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. నడివయసు రైతు, పొట్టిగా, పసుపు బట్టల్లో, నుదుటి మీద చెమటకి బొట్టు కారిపోయి ఉంది. మమ్మల్ని చూశాడు. పసిపిల్లల్ని చూశాడు. ఆ మనిషి చేతులు తనే కిందికి దించాడు.

"మా జనం రానేకపోనారు తల్లీ" అన్నాడు పెద్దమ్మతో. "వంటలు ఐపోనాయి. ఎవులికి పెట్టాల? మీరే మా సుట్టాలనుకుంటాం. బేగి లోపలికి రండి."

అలా ఆ పెళ్లికి కవిటి చుట్టాల బదులు మా పేట వెళ్లింది. తలుపులు మూసేశారు. ఎత్తు కిటికీల్లోంచి గాలి ఏనుగు ఘీంకరించినట్టు అరుస్తోంది. వాన గోడల్ని కొరడాలతో కొట్టినట్టు కొడుతోంది. గోడలు మాత్రం ఉలకలేదు. నేను వీపు ఆనించి కూర్చుంటే ఆ గోడ లోపల ఏ వణుకూ లేదు. అంత గాలిలోనూ పంతులు గారి మంత్రం ఈ చివరి దాకా వినబడింది. మంగళసూత్రం కట్టేటప్పుడు మేళం వాళ్లు సన్నాయి అందుకుంటే, మా పేట ఆడవాళ్లు అక్షింతల కోసం చేతులు చాచారు. పెళ్లికూతురు తలెత్తి, తనకి ఒక్కరూ తెలియని అంతమంది చుట్టాల్ని చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేసింది. తర్వాత అందరికీ ఎర్రగచ్చు మీదే ఆకులు వేశారు. ఆ తండ్రి తనే గుమ్మడికాయ దప్పళం వడ్డించాడు. వడ్డిస్తూ మధ్యమధ్యలో మూసిన తలుపు వైపు చూస్తున్నాడు. పెద్దమ్మ అది గమనించి, "ఏం నాయనా?" అంది. "ఏటి నేదు తల్లీ. తోట" అన్నాడు. అంతే. మళ్లీ వంగి పక్క ఆకులో అన్నం పెట్టాడు.

గాలి తగ్గి దారులు తెరుచుకున్నాక ఆయన వెళ్లి చూస్తే, తాత నాటిన కొబ్బరితోట నేల మీద పడుకుని ఉందట. ఉద్దానంలో చాలామందిది అదే కథ. మాకు అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆ చెట్లు ఒక్కటొక్కటే పడుతున్నాయి. ఆ సంగతి ఆయన మనసుకి తెలుస్తూనే ఉంది. అయినా ఒక్క ఆకు దగ్గర కూడా చేయి ఆగలేదు. అంతటి మర్యాద నేను మళ్లీ చూడలేదు.

కొన్నేళ్లకి ఆయన్ని మళ్లీ అదే హాల్లో చూశాం. ఉద్దానంలో కిడ్నీల జబ్బు ఇంటింటా కనబడుతున్న రోజులు. విశాఖ నుంచి డాక్టర్లు వచ్చి టవునాల్లో క్యాంపు పెట్టారు. కవిటి నుంచి, సోంపేట నుంచి ఆటోల్లో జనం వచ్చి వరండా నిండా కూర్చున్నారు. పెద్దమ్మ అప్పటికి మా వార్డు మెంబరు. ఆడవాళ్లకి కేటాయించిన సీటులో నిలబడి గెలిచింది. మంచినీళ్లు పంచుతూ పంచుతూ ఆగిపోయింది. స్తంభానికి ఆనుకుని కూర్చున్న మనిషి కాళ్లు వాచి ఉన్నాయి. ఆయన ముందు గుర్తుపట్టలేదు. "నీ చేతి దప్పళం తిన్నాం నాయనా" అంది పెద్దమ్మ. అప్పుడు నవ్వాడు. ఆవిడ లోపలికెళ్లి వేదిక మీద తన పేరున వేసిన కుర్చీని మోసుకొచ్చి, ఆయన్ని దాంట్లో కూర్చోబెట్టి, క్యాంపు అయ్యేదాకా తను నిలబడే ఉంది. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కల గురించి మాట్లాడుకున్నారు. జబ్బు గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

ఆ మధ్యకాలంలోనే టవునాలుని పడగొట్టాలన్న మాట మొదలైంది. కొత్త సర్పంచి గారు ఉత్సాహవంతుడు, మంచివాడు, ఒకప్పుడు పెద్దమ్మ క్లాసులో వెనక బెంచీ. హాలు స్థలంలో షట్టర్లతో పెద్ద కాంప్లెక్సు కడితే కుర్రాళ్లకి కొట్లు దొరుకుతాయి, ఊరు టెక్కలిలా అవుతుంది అని ఆయన ఆలోచన. ఇంజనీరు గారు వచ్చి పడమటి గోడ బీటలు, కప్పు మూలన కారుతున్న చోటూ చూసి పెదవి విరిచారు. ఊళ్లో సగం మందికి ఆ ఆలోచన నచ్చింది కూడా. నిజం చెప్పాలంటే ఆ బీటలు పెద్దమ్మ కూడా కాదనలేదు. "ముసలాళ్లకి మోకాళ్ల నొప్పి రాదేటి? అంతమాత్రాన పూడ్చిపెట్టేస్తామా?" అని మాత్రం అంది. ఆ రోజుల్లో ఇంట్లో రోజంతా చ స అయిపోతూనే ఉండేది.

తేల్చడానికి గ్రామసభ పిలిచారు. అదీ టవునాల్లోనే. మరెక్కడ పెడతారు? వానాకాలం మధ్యాహ్నం, ఉక్కపోత. జనం బాగానే వచ్చారు. సర్పంచి గారు మైకు పట్టుకుని మొదలుపెట్టిన కాసేపటికే కరెంటు పోయింది. ఆయన గొంతు పెంచబోయి ఆగారు. అవసరం లేకపోయింది. ఆయన మామూలుగా మాట్లాడిన మాట చివరి గోడ దాకా స్పష్టంగా వెళ్లింది. తనని పడగొడతానంటున్నవాడి మాటని కూడా ఆ భవనం ఒక్క అక్షరం జారకుండా అందరికీ చేరవేసింది. షట్టర్లు, దుకాణాలు, కుర్రాళ్ల ఉపాధి, అన్నీ చక్కగా చెప్పారు. చప్పట్లు కూడా పడ్డాయి. పైనుంచి పావురం 'గుకూ' అంది.

"టీచరమ్మా, మీరేటంటారు?" అని ఆయనే అడిగారు.

పెద్దమ్మ లేచింది. రాత్రంతా కూర్చుని ఉపన్యాసం తయారుచేసుకుందని నాకు తెలుసు. స్తంభాల గురించి, కప్పు గురించి, చరిత్ర గురించి. నోరు తెరవబోతూ వరండా వైపు చూసింది. చూసి ఆగిపోయింది. మేమూ అటు తిరిగాం. మూల కిటికీ అవతల, మా పేట పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు. ఊచలు పట్టుకుని. లోపల ఖాళీ కుర్చీలు ఉన్నాయి. ఎవరూ రావద్దనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. అందరికంటే ముందు మా చినతాత, పెద్దమ్మకి చిన్నాన్న వరస, చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడి వింటున్నాడు.

ఉపన్యాసం అక్కడే వదిలేసి పెద్దమ్మ సభ మధ్యలోంచి నడిచి వరండాలోకి వెళ్లింది. "సిన్నాన్నా, ఇక్కడెందుకు నిలబడిపోనావు?" అంది. అన్ని మాటలూ లోపలికి వినబడ్డాయి.

"ఇక్కడే బాగుందమ్మీ. గాలాడతంది."

"తుఫానుకి లోపలికొచ్చినావు కదా?"

"అప్పుడు పేనం కోసం వచ్చినాం. కింద తలొంచుకుని కూకున్నాం. ఇది మీటింగు కదా."

పెద్దమ్మ ఆయన చేయి పట్టుకుంది. ఆయన కాసేపు కిటికీ ఊచ వదల్లేదు. తర్వాత వదిలాడు. గడప దగ్గర ఆగి చెప్పులు విప్పాడు. వెనకాల మిగతావాళ్లు కూడా. ముందువరసలో తన కుర్చీని సర్పంచి గారే లేచి ఇచ్చారు. చినతాత దాని చేతులు తడిమి చూసి, మెల్లగా కూర్చున్నాడు. ఆ తర్వాత తలెత్తి పైకి చూశాడు. టేకు దూలాలు, ఇటుకల వరసలు, ఎత్తు కిటికీలోంచి వాలుగా పడుతున్న వెలుగు. చాలాసేపు చూశాడు. సభంతా ఆయనతో పాటే తలెత్తి చూసింది. ఆ రోజు దాకా నేను ఆ కప్పుని అంత అందంగా చూడలేదు.

"ఓలమ్మ, ఎంతెత్తో" అన్నాడు చినతాత. "మా అయ్య దీనికి సున్నం మోసినాడు. లోపల ఇలగుంటాదని సెప్పనేదు. ఆడికీ తెలవదేమో."

అప్పుడు పెద్దమ్మ సర్పంచి గారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పినవన్నీ న్యాయమైనవే బాబూ. కొట్లు కావాలి, కట్టండి, పాత సంతబయలు ఖాళీగానే ఉంది. కానీ దీన్ని కట్టినవాళ్లు ఇన్నేళ్లూ వరండాలో నిలబడ్డారు. ఇప్పుడే లోపల కూర్చున్నారు. మాకు కుర్చీ దొరికిన పూటే దీనికి వయసైపోయిందంటే ఎలగ నాయనా?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.  సర్పంచి గారు నీళ్లు తాగి, "టీచరమ్మ దగ్గర నాను ఏ పరీక్షా ఒక్కపాలి కూడా పాసవనేదు" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే సంగతి తేలిపోయింది. చేతులు ఎత్తమన్నారు, ఎత్తారు. కొట్లు సంతబయలుకి వెళ్లాయి.

అంతా కథల్లోలా చక్కబడిపోయిందని చెప్పను. వెనకున్న వంటశాల నిజంగానే ఒరిగిపోయి ఉంటే దాన్ని తీసేయాల్సి వచ్చింది. రంగు అద్దాల్లో విరిగిన చోట మామూలు అద్దం వేశారు, అది ఇప్పటికీ పన్ను ఊడిన నోరులా ఉంటుంది. పడమటి గోడ బాగుచెయ్యడానికి సిమెంటు తెస్తే పెద్దమ్మ బస్తాల మీద కూర్చుని విప్పనివ్వలేదు. సున్నం తెచ్చేదాకా లేవలేదు. సర్పంచి గారు ఎక్కడో గానుగ వెతికించి తెప్పించారు. బెల్లం నీళ్లు కలిపేటప్పుడు చీమలు వచ్చాయని అందరూ ఎంతో సంతోషించారు. సున్నం వేసిన రోజు భవనం స్నానం చేసి వచ్చిన పెద్దావిడలా ఉంది. సర్పంచి గారు తర్వాత్తర్వాత ఎవరొచ్చినా తనే తీసుకెళ్లి స్తంభాలు తట్టి చూపించేవారు, అదంతా మొదటినుంచీ తన ఆలోచనే అయినట్టు. పెద్దమ్మ పక్కనే నిలబడి వినేది, సరిదిద్దేది కాదు. చినతాత బతికున్నంతకాలం ప్రతి గ్రామసభకీ అందరికంటే ముందొచ్చి, ఆ ముందు కుర్చీలోనే కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. సభ ముగిసినా లేచేవాడు కాదు.

పెద్దమ్మ ఆ తర్వాత కొన్నేళ్లకి, ఒక ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చి పడుకుని, మళ్లీ లేవలేదు. చర్చి చాలదని ఊరివాళ్లే పట్టుబట్టి ఆవిడని టవునాల్లో ఎర్రగచ్చు మీద ఉంచారు. మా పాటలు, వాళ్ల భజనలు, రెండూ అయ్యాయి. నేను తర్వాత బదిలీ మీద వెళ్లిపోయాను. ఇప్పుడు పలాసలో ఉంటున్నాను. ఆ ఊరు వెళ్లడం ఏడాదికో రెండేళ్లకో ఒకసారి.

ఫంక్షన్ హాలులో ఆ పెళ్లికి వెళ్లొచ్చిన తర్వాత ఉండలేక, ఆ వారమే బస్సెక్కి వెళ్లాను. చదువుల గది నిండా ఆడపిల్లలు. ఏవో ఉద్యోగాల పరీక్షలకి చదువుకుంటున్నారు. గది చాలక హాల్లోకి కూడా వచ్చి, గచ్చు మీద పుస్తకాలు పరుచుకుని, గోడలకి వీపులానించి కూర్చున్నారు. ఒకమ్మాయి నన్ను చూసి జరిగి చోటిచ్చింది. "కూకోండి మేడమ్, ఎవరు కావాల?" అంది. ఎవరూ అక్కర్లేదమ్మా, ఊరికే వచ్చానన్నాను. ఎవరి పిల్లవని అడిగితే చెప్పింది. మా పేట పిల్లే. చినతాతకి మునిమనవరాలు. నాకు ప్రాణం లేచొచ్చి, ఆ మూల కిటికీ చూపించి, మీ ముత్తాతలు ఇక్కడ లోపలికి రాకుండా ఆ వరండాలోనే నిలబడి వినేవారు తెలుసా అన్నాను.

ఆ పిల్ల పెన్ను చెవి మీద పెట్టుకుని కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. "వరండాలో ఎందుకు మేడమ్? ఫ్యాన్లు లోపలున్నాయి కదా" అంది, నిజంగానే అర్థం కాక.

చెప్పాలనే అనుకున్నాను. ఇంకోసారి వచ్చినప్పుడు చెప్తాను కూడా, తెలియాల్సిన సంగతే. కానీ ఆ పూటకి ఆ పిల్ల జరిగిచ్చిన చోట గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. కాలం మన దగ్గర్నుంచి చాలా పట్టుకుపోతుందని ఈ వయసులో రోజూ లెక్కలు తీసి బాధపడుతూనే ఉంటాను. కొన్నింటిని మాత్రం ఎంత శుభ్రంగా పట్టుకుపోయిందంటే, అవి ఎందుకుండేవో కూడా పిల్లలకి అర్థం కాదు. ఆ ఒక్కటీ చూడ్డానికైనా ఇంతకాలం బతకడం మంచిదే అయింది.